ఎక్కువైన గింజలు



వీరశైవ ధర్మమునందు కాయకము, దాసోహము అను రెండును పక్షికి రెండు రెక్కల వంటివి. ఒడలు వంచి శ్రమించి ఆర్జించుట కాయకము. ఆర్జించినదానిని గురు లింగ జంగమములకు సమర్పించి, శేషమును ప్రసాదముగా గ్రహించుట దాసోహము. సేద్యము చేయువానికి గాని, మగ్గము నేయువానికి గాని, అంగడి నడుపువానికి గాని ఈ రెండింటి నడుమ గల భేదము తెలియనిది కాదు. కాని మన కాలమున ఒక క్రొత్త విధమైన ఉద్యోగము పుట్టినది. ఇతరులిచ్చిన దానధనముతో లోకహితమైన పనిని చేయుచు, ఆ పనికే నెలనెలా జీతము పుచ్చుకొను ఉద్యోగమది. అట్టి ఉద్యోగి చేయునది కాయకమా, దాసోహమా? దాసోహమే వానికి కాయకమైనపుడు వాడు తన సత్యమును దేనితో కొలుచుకొనవలెను?

ఈ ప్రశ్న నాకు గ్రంథపఠనము వలన కలుగలేదు. విజయవాడ ఆటోనగరులో పర్యావరణ రక్షణకై పనిచేయు ఒక ధర్మసంస్థలో 2022 మొదలు మూడేండ్లు ఉద్యోగము చేయుట వలన కలిగినది. ఆ సంస్థ పేరు ఇచ్చట చెప్పను. అందు జరిగిన దోషమునకు క్రింద నా సంతకమే యున్నది గనుక, దీనిని పరనిందగా గాక ఆత్మపరిశీలనముగా పాఠకులు గ్రహింతురు గాక.

ఆటోనగరును చూడనివారికి కొంచెము చెప్పవలెను. 1960వ దశకమున ఏర్పడిన జవహర్ ఆటోనగరు లారీలకు పుట్టినిల్లు వంటిది. ఛాసిస్ మాత్రముగా వచ్చిన బండి ఇచ్చట బాడీ కట్టించుకొని, రంగు వేయించుకొని, నుదుట దేవుని పేరు వ్రాయించుకొని రోడ్డెక్కును. లేతుపై ఇనుమును చెక్కు టర్నరులు, వెల్డింగు చేయువారు, సొట్టలు తీయు టింకరులు, కట్టలు వేయువారు, బ్యాటరీలు బాగుచేయువారు తెల్లవారినది మొదలు అచ్చట చేతులు నలుపు చేసికొనుచుందురు. కల్యాణ నగరమున అనుభవ మంటపమందు బట్టలుతుకు మాచయ్య, పడవ నడుపు చౌడయ్య, తాళ్ళు పేను చందయ్య కూర్చుండిరి. నేడు బసవేశ్వరుడు మరల మంటపము నెలకొల్పినయెడల ఈ టర్నరును, ఈ వెల్డరును తప్పక పిలిచి కూర్చుండబెట్టును.

ఈ కాయకములన్నిటికి ఒక మలినశేషము గలదు. ఇంజను నుండి దింపిన పాత ఆయిలులో మసి, లోహపు రజను, తగులబడిన రసాయనములు కలిసియుండును. పాత బ్యాటరీలో సీసము, యాసిడ్డు ఉండును. సీసము పసిపిల్లల మెదడును మందగింపజేయునని వైద్యశాస్త్రము నిశ్చయముగా చెప్పుచున్నది. 2016 నాటి కేంద్ర నిబంధనలు వాడిన ఆయిలును ప్రమాదకర వ్యర్థముగా పరిగణించి, అనుమతి పొందినవారికే దానిని అప్పగింపవలెనని విధించినవి. ఐనను అందులో కొంత సెంట్రింగు పలకలకు పూయుటకు పోవును, కొంత బట్టీలలో తగులబడును, మిగిలినది మురుగుకాలువ పాలగును. నీటిని చేరిన నూనె పలుచని పొరగా పరచుకొని, గాలి నీటిలో కలియకుండ అడ్డుపడును.

కృష్ణా డెల్టాలో నీరనగా ఏమో మనవారికి వేరుగా చెప్పనక్కరలేదు. బెజవాడ వద్ద 1855లో పూర్తియైన ఆనకట్ట, దాని తరువాత 1957లో పూర్తియైన ప్రకాశము బ్యారేజి సుమారు 13 లక్షల ఎకరములకు నీరందించినవి. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవసు కాలువ ఈ నగరము నడిబొడ్డుననే పారుచున్నవి. దిగువ గ్రామములలో ఎన్నియో మంచినీటి చెరువులను కాలువ నీటితోనే నింపుదురు. మనము ఉదయమున కరపీఠమునందలి ఇష్టలింగమునకు అభిషేకించు ఉదకము ఆ నీరే. పిల్లలకు పాదోదకముగా నిచ్చునది ఆ నీరే. కావున షెడ్డు ముందర పారబోసిన ఒక డబ్బా ఆయిలు కేవలము షెడ్డు యజమాని సొంత వ్యవహారము కాదు.

మా సంస్థకు రెండు పనులు. ఒకటి, ఆటోనగరు రోడ్ల వెంట, గోడల ప్రక్కన మొక్కలు నాటుట. రెండవది, కొన్ని షెడ్లలో డ్రమ్ములుంచి, వాడిన ఆయిలును అందు పోయించి, మా వ్యానులో అనుమతి గలవారికి చేర్చుట. ధనమిచ్చు కంపెనీకి మొదటి పని మిక్కిలి ప్రీతి. మొక్క ప్రక్కన నిలిచి ఫొటో దిగవచ్చును, పేరు పలక పాతవచ్చును. నల్లని డ్రమ్ము ప్రక్కన ఫొటో దిగుటకు ఎవరు వత్తురు? 2013 నాటి కంపెనీల చట్టము పెద్ద కంపెనీలు తమ సగటు లాభములో నూటికి రెండు వంతులు సమాజహితమునకు వ్యయము చేయవలెనని విధించినది. అది మంచి చట్టమే. కాని వ్యయము చేసినవాడు ఫలమునకు అంకెలడుగును. మొక్కల పేరిట వచ్చిన ధనముతోనే మా వ్యాను కూడ నడచుచుండెను. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొన ప్రార్థన.

అంతకు పూర్వము నేను ఒక విడిభాగముల దుకాణమున లెక్కలు వ్రాయుచుంటిని. సంస్థలో చేరిన దినమున మనస్సు తేలికయైనది. నిన్నటివరకు వ్యాపారము, నేటినుండి సేవ అనుకొంటిని. షెడ్లలో తిరుగునపుడు అచ్చటివారిని పాపము చేయువారినిగను, నన్ను పాపము కడుగువానినిగను ఎంచుకొంటిని. నా మొదటి దోషమిదియే. పని యొక్క పేరు పవిత్రమైనంత మాత్రమున పనివాడు పవిత్రుడు కాడని నాకు అప్పటికి తోచలేదు.

2023 శ్రావణమాసమున ఆరువందల మొక్కలు నాటితిమి. కానుగ, వేప, నేరేడు, బాదము. వేసవి వచ్చినది. ఆటోనగరు వేసవిని అనుభవించినవారికే తెలియును. నేల ఇనుమువలె కాగును. లారీలు వెనుకకు వచ్చునపుడు కొన్ని మొక్కలు చక్రముల క్రింద పడినవి. కంచెలలోని ఇనుము కొంత పాత ఇనుము అంగడికి చేరినది. అన్నిటికన్న ముఖ్యముగా, ఫాల్గుణము మొదలు జ్యేష్ఠము వరకు నీరు పోయుటకు పద్దులో సొమ్మే లేదు. 2024 మే నెలలో వీధి వీధి తిరిగి లెక్కించితిని. బ్రతికియున్నవి 214.

మా కార్యదర్శిగారు చెడ్డవారు కారు. ఆ పనికై తమ ఆస్తిలో కొంత పోగొట్టుకొన్నవారు. లెక్క చూచి చాలసేపు మాటాడలేదు. పిదప, "510 అని వ్రాయండి. చచ్చినవాటి చోట వానలు పడగానే మళ్ళీ నాటుదాం. అప్పటికి లెక్క సరిపోతుంది. లేకపోతే వ్యాను ఆగిపోతుంది. ఆయిలంతా కాలువలోకి పోతుంది. ఏది పాపమో మీరే చెప్పండి" అనిరి. నేను బదులు చెప్పలేక వ్రాసితిని. క్రింద సంతకము చేసితిని. ఆనాటి ఉదయమున లింగమును పట్టినది ఎడమచేయి, సాయంకాలమున కలము పట్టినది కుడిచేయి. రెండు చేతులు ఒక్క ఒడలివే గదా యను ఆలోచన మాత్రము రాత్రి నిదుర రానీయలేదు.

ఆ సంవత్సరమే సెప్టెంబరు మొదటి దినములలో బుడమేరు పొంగినది. సింగునగరు మొదలైన పేటలు దినముల తరబడి నీట మునిగినవి. ఆ దినములలోనే ప్రకాశము బ్యారేజి నుండి 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు పోయినది. నీరు తీయగానే మునిగిన ఆటోలు, స్కూటర్లు, కార్లు, వ్యానులు షెడ్ల ముందర బారులు తీరినవి. నీరు చొచ్చిన ఇంజనులోని ఆయిలు నల్లగా నుండదు, పాలవలె తెల్లబారి యుండును. దానిని దింపి, క్రొత్తది పోసి, త్రిప్పి, మరల దింపవలెను. ఒక్కొక్క బండికి ఆ విధముగా రెండు మూడు మారులు చేయవలసి వచ్చినది. డ్రమ్ములన్నియు నిండినవి. మా వ్యాను చాలలేదు. తొందరలో పలువురు కాలువలోనే పోసిరి. వారిని నిందింపజాలము. ఒక్కొక్క బండి వెనుక ఒక్కొక్క కుటుంబపు కూడు నిలిచియున్నది.

ఒక షెడ్డులో మాత్రము ఒక వృద్ధ మేస్త్రీ తన సొమ్ముతో మరి రెండు డ్రమ్ములు కొని తెచ్చి, కాలు మోపుటకు చోటు లేని ఆ షెడ్డులోనే ఒక మూల నిలిపి, ప్రతి డబ్బాను అందులోనే పోయించుచుండెను. నేల మీద చిందినదానిపై రంపపు పొట్టు చల్లి, ఎత్తి గోనెలో వేయించుచుండెను. ఆయన మన సంప్రదాయమువాడు కాడు. వచనములు వినినవాడును కాడు. "మేస్త్రీ గారూ, ఇంత రద్దీలో మీకెందుకండీ ఈ శ్రమ?" అని అడిగితిని.

"మా అమ్మాయిని మొవ్వ దగ్గర ఇచ్చాం బాబూ. వాళ్ళు తాగేది కాలువ నీళ్ళే గదా" అనెను. పిదప కొంచెమాగి, "మా డ్రమ్ముల లెక్క మీరేగా రాసేది? ఎన్నుంటే అన్నే రాయండి. ఎక్కువ రాస్తే, ఇక్కడంతా బాగానే ఉంది, ఇంకో బండెందుకు అనుకుంటారు పైవాళ్ళు. మొక్కల సంగతి చూశాంగా. పేరు పలకలున్నాయి, మొక్కల్లేవు. ఉన్నాయని రాసినప్పుడు వాటికి నీళ్ళెవడు పోస్తాడు?" అనెను.

నన్ను ఉద్దేశించి అనలేదు. నా సంతకము సంగతి ఆయన యెరుగడు. కాని నాటివరకు నేను చేసినది నాకును శివునకును నడుమనున్న ఒక చిన్న అబద్ధమని తలచుచుంటిని. ఆ మాటతో అది మొక్కకు ద్రోహమని తెలిసినది. చచ్చినదానిని బ్రతికినదని వ్రాసినచో, అది ఏల చచ్చెనను ప్రశ్నయే పుట్టదు. నీటికి సొమ్ము కావలెనని కంపెనీవారినడుగు అవకాశమే లేకుండ నేను చేసితిని. నా అంకె మూడువందల మొక్కల సమాధి మీద వేసిన సున్నపు పూత.

స్థావరమునకు, జంగమమునకు బసవేశ్వరుడు చూపిన భేదము మనకందరకు తెలిసినదే. ఆ పేరు పలక స్థావరము. వేసవిలో బిందె మోసికొనివచ్చి నీరు పోయు చేయి జంగమము. మేము స్థావరమునకు సొమ్ము వెచ్చించి జంగమమును మరచితిమి.

ఆ రాత్రి ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ జ్ఞప్తికి వచ్చినది. శూన్యసంపాదనమున వారికి గొప్ప స్థానము గలదు. బసవేశ్వరుని మహామనె ముంగిట రాలిన బియ్యపు గింజలనేరి తెచ్చుట మారయ్య కాయకము. ఒకనాడు ఆయన నిత్యము తెచ్చుదానికన్న ఎక్కువ తెచ్చెను. బసవేశ్వరుడే దయదలచి ఆనాడు అధికముగ రాల్పించెనని పెద్దలు చెప్పుదురు. లక్కమ్మ ఆ మూటను చూచి సంతోషింపలేదు. తమకు చాలినదానికన్న మించినది తమది కాదనియు, దానిని తెచ్చినచోటనే పోసి రావలెననియు భర్తను పంపివేసెను.

ఈ కథను చిన్ననాటినుండి వినుచునే యున్నాను. ఆశ పడరాదనుట దాని తాత్పర్యమని తలచుచుంటిని. ఆ రాత్రి మాత్రము మరియొక అర్థము తోచినది. గింజలెక్కువ రాల్చినవాని ఉద్దేశము మంచిది. పుచ్చుకొన్నవాడు పేదవాడు. దొంగతనము లేదు, ఎవరికిని నష్టము లేదు. ఐనను లక్కమ్మ అంగీకరింపలేదు. కాయకమునకు, ఫలమునకు నడుమనున్న కొలత మంచి ఉద్దేశముతోనైనను చెడరాదని ఆమె యెరుగును. మా కార్యదర్శిగారి ఉద్దేశమును మంచిదే. కాని 510లో 214 మాత్రమే మేమేరిన గింజలు. తక్కిన 296 తిరిగి పోయవలసినవి.

కార్తికమాసమున మరల లెక్కించితిని. వానలలో మరల నాటుదుమన్న మాట వరదలో కొట్టుకొనిపోయినది. 187 మిగిలినవి. ఆ అంకెను, మే నెలనాటి నిజమైన అంకెను, అబద్ధమును వ్రాసినది నేనేయను సంగతిని, నీటికి సొమ్ము లేకపోవుటయే ముఖ్యకారణమను మాటను చేర్చి ఒక లేఖ వ్రాసి కార్యదర్శిగారికిచ్చితిని. వారు రెండు దినములు ఆలోచించి, కోపింపక, దానిని అట్లే కంపెనీకి పంపిరి. ఆ పెద్దరికమును నేను మరువను.

సత్యము చెప్పినందువలన మేలు జరిగెనని వ్రాయగలిగినచో ఈ వ్యాసము ఇచ్చట ముగియును. అట్లు జరుగలేదు. మరుసటి సంవత్సరమునకు కంపెనీ సొమ్ము రాలేదు. 2025 ఏప్రిలులో వ్యాను ఆగినది. నా ఉద్యోగము పోయినది. నాతోపాటు మరి ఇద్దరిది పోయినది. వారిలో వ్యాను నడుపునతడు ఒకడు. ఇద్దరు పిల్లల తండ్రి. కడపటి దినమున తాళపుచెవి బల్లమీద పెట్టి నాతో, "మీరు నిజం చెప్పారు సార్, మంచిదే. మీ లింగం మీకు మిగిలింది. నా జీతం పోయింది" అనెను.

ఈ మాటకు నా యొద్ద సమాధానము లేదు. లక్కమ్మ గింజలను తిరిగి పోయించినపుడు పస్తుండుటకు సిద్ధపడినది ఆ దంపతులే, పొరుగింటివారు కాదు. నా సత్యమునకు మరియొకని యింటి పొయ్యి ఆరినది. ఐనచో సత్యము చెప్పకుండుటయే మేలా? చాల దినములు ఆలోచించితిని. తోచినది ఇది. తప్పు లేఖ వ్రాసినందున కాదు, మొదటి సంతకము చేసినందున. మే నెలలోనే 214 అని వ్రాసియున్నచో అది ఒక వైఫల్యముగా నుండెడిది. వైఫల్యమును దాతలు మన్నింతురు, నీటికి సొమ్మును ఇయ్యవచ్చును. ఆరు నెలల తరువాత అది మోసముగా మారినది. మోసమును ఎవరు మన్నింతురు? ఆలస్యమైన సత్యము అప్పు వంటిది. దాని వడ్డీని తరచుగా అప్పు చేయనివారు చెల్లింతురు. నేటి సత్యమును నేడే చెప్పవలెననుటకు ఇంతకన్న వేరు కారణము నాకు అక్కరలేదు.

ఇక మొదటి ప్రశ్నకు వత్తును. ధర్మకార్యమునకు జీతము పుచ్చుకొనుట దోషమా? కాదు. ఖమ్మము ప్రాంతమున వనజీవి రామయ్యగారు కార్యాలయము, జీతము లేకయే జీవితమంతయు విత్తనములు చల్లుచు, మొక్కలు నాటుచు గడపిరి. 2017లో పద్మశ్రీ పొందిరి. 2025 ఏప్రిలులో కీర్తిశేషులైరి. అట్టివారు అరుదు. డ్రమ్ములు మోయుటకు, వ్యాను నడుపుటకు, లెక్కలు వ్రాయుటకు జీతగాండ్రు కావలెను. వారును పిల్లలు గలవారే. బసవేశ్వరుడు తానును బిజ్జలుని కొలువున భండారము చూచిన ఉద్యోగియే గదా. ఆయన రాజధనమును జంగమములకు పంచిపెట్టుచున్నాడని కొందరు కొండెములు చెప్పగా, లెక్క చూచినపుడు ఒక్క మాడయు తక్కువ కాలేదని బసవపురాణ కథ చెప్పుచున్నది. దానిని మనము మహిమగా చెప్పుకొందుము. నాకు మాత్రము అది ఉద్యోగికి ఉపదేశముగ తోచుచున్నది. అంతటి దాసోహము చేసినవానికిని, మంచి పనికై చేసితిని గనుక లెక్క చూడవలదు అని చెప్పు అవసరము కలుగలేదు. జీతము కాయకమును చెరుపదు. లెక్కలో చేరిన ఒక్క అధికపు గింజ చెరుపును.

మఠాధిపతులకు, శరణ కుటుంబములకు ఒక మనవి. బసవజయంతినాడు మనము పలుచోట్ల మొక్కలు నాటుచున్నాము. భావము మంచిది. కాని ఆ పండుగ వైశాఖ శుద్ధ తదియనాడు, మండు వేసవిలో వచ్చును. మన ప్రాంతమున ఆనాడు నాటిన లేతమొక్క నిత్యము నీరు లేక నిలువదు. కావున నాటుటను తొలకరి తరువాతకు, ఆషాఢ శ్రావణములకు మార్చుకొందము. బసవజయంతినాడు పూజానంతరము, నిరుడు నాటినవెన్ని, నేడు బ్రతికినవెన్ని, చచ్చినవి ఏల చచ్చినవి అని సభలో చదువుదము. ఆ దినమున ప్రతి ఇంటివారు ఒక్కొక్క బిందె నీరు మోసికొనిపోయి బ్రతికినవాటికి పోయుదురు గాక. సంఖ్య చిన్నదైనచో సిగ్గుపడుదము. సిగ్గు మరుసటి వేసవిలో మనచేత నీరు పోయించును.

ఆ మేస్త్రీయు, మరి ముగ్గురు షెడ్డువారును నెలకొకసారి కలిసి ఆటో మాట్లాడుకొని తమ డ్రమ్ములను చేరవలసినచోటికి పంపుచున్నారు. తక్కిన షెడ్లలో డ్రమ్ములు ఖాళీగా త్రుప్పు పట్టుచున్నవి. నేను మరల దుకాణపు లెక్కలు వ్రాయుచున్నాను. ఆదివారములలో ఆ ఆటో వెంట పోయి, ఎన్ని డ్రమ్ములు పోయినవో ఒక పుస్తకమున వ్రాయుచున్నాను. వ్యాను నడిపినతడు వేరొకచోట తక్కువ జీతమునకు చేరినాడు. ఎదురైనపుడు నాతో మాటాడడు. గడచిన ఆదివారము పంపినవి మూడు డ్రమ్ములు. మూడనియే వ్రాసితిని.